ఒకే అరుగు మీద రెండు మీటర్లు

కరెంటు బిల్లు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చే మనిషి ముందుగా బిల్లు చూపించడు. ముందు నాలుగు మాటలంటాడు. ప్రభుత్వాన్ని అనాల్సినవి, రీడింగ్ తీసిన కుర్రాణ్ని అనాల్సినవి, ఫ్యాను ఆపకుండా బజారుకు పోయే కొడుకుని అనాల్సినవి అన్నీ కలిపి అద్దం వెనక కూర్చున్న మనల్ని అంటాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమన్నమాట. అదంతా అయ్యాక జేబులోంచి బిల్లు తీస్తాడు. గుమాస్తాగా చేరి, విద్యుత్ శాఖ రెవెన్యూ ఆఫీసులో అకౌంట్స్ అధికారిగా దిగిపోయిన నేను ఉద్యోగం పొడుగునా చేసింది ఆ నాలుగు మాటలు అయ్యేదాకా ఆగడమే. ఆగడం నా స్వభావం కాదు. నాకు నోటి దురుసు. మా అమ్మ నన్ను చర్చికి తీసుకెళ్లేటప్పుడు కూడా, "పాస్టరుగారి ప్రసంగంలో తప్పులు గుడి బయటికొచ్చాక చెప్పు తల్లీ" అని బతిమాలేది.

ఈ మధ్య మా తెనాలి చర్చిలో పాటలు పాడే అమ్మాయి ఒకతె మన శాఖలోనే చేరింది. "ఆంటీ, టారిఫ్ బాగా అర్థం కావాలంటే ఏం చదవాలి?" అని అడిగింది. చదవాల్సింది ఆఫీసులో వాళ్లే ఇస్తారు. అందులో లేనిది చెబుదామని ఇది మొదలుపెట్టాను. నిజానికి నాకొక దిగులుంది, అది ఎవరితోనైనా చెప్పుకోవాలని కూడా. ఉద్యోగంలో ఇంతకన్నా బాగా ఏ పనీ చేయలేదని నేను ఏళ్లపాటు అందరికీ చెప్పుకున్న కేసు ఒకటుంది. అది తలుచుకుంటే ఇప్పుడు నాకు అన్నం సయించదు.

మూత దేనికి వేశారు

ముందు పని సంగతి. యూనిట్ రేటు పెట్టేది మనం కాదు. కంపెనీ ఏటా తన ఖర్చులు చెప్పుకుంటుంది, నియంత్రణ మండలి విచారణ జరిపి ఇంతకు మించి వసూలు చేయకూడదని రేటుకి మూత వేస్తుంది, తక్కువ వాడేవాళ్ల తరఫున ప్రభుత్వం కొంత భరిస్తుంది. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. "రేట్లు పెంచలేదని పేపర్లో రాశారు కదండీ, మరి నా బిల్లెందుకు పెరిగింది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మూత వేసింది యూనిట్ ధరకి. బిల్లుకి కాదు. ధర కదలకపోయినా ఎండలు ముదిరితే యూనిట్లు పెరుగుతాయి. యూనిట్లు పెరిగితే పై స్లాబు తగులుతుంది. అది కాక స్థిర చార్జీ, సుంకం, ఎప్పటిదో ఇంధన ఖర్చుకు ఇప్పుడు వేసే సర్దుబాటు, ఇవన్నీ కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. రేట్లు పెంచలేదని చెప్పిన పెద్దమనుషులు అబద్ధం చెప్పలేదు. కానీ సగం చెప్పి వదిలేశారు, మిగతా సగం కౌంటర్లో మన నోటితో చెప్పిస్తారు. మన బతుకంతా ఆ రెండో సగం చెప్పడమే. దానికి సిద్ధపడి రండి.

ఇక స్లాబు. దీని మీద జనానికున్నంత భయం దయ్యాల మీద కూడా లేదు. గీత దాటితే మొదటి యూనిట్ నుంచీ మొత్తానికి పెద్ద రేటు పడుతుందనుకుంటారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. మధ్యలో కొన్నేళ్లు వాడకాన్ని బట్టి ఇళ్లని గ్రూపులు చేశారు. గ్రూపు మారితే నిజంగానే మొత్తం రేటు మారేది. ఆ పద్ధతి పోయింది, భయం మాత్రం మిగిలింది. ఇప్పుడు దాటిన యూనిట్లకే పై రేటు, దాటనివాటికి పాత రేటే. ఈ ఒక్క సంగతి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీరు మంచి ఉద్యోగి అని నేను అనుకునేదాన్ని. చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరని కూడా అనుకునేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

తెనాలిలో కోటేశ్వరరావుగారు

నా మొదటి పై అధికారి కోటేశ్వరరావుగారు వక్కపొడి నములుతూ, సగం మాటలు మింగేస్తూ మాట్లాడేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి, బిల్లు తగాదా వస్తే కుర్చీలోంచి లేచి మీటరు దగ్గరికి వెళ్లి చూడాలి. "కాగితం మీద యూనిట్లుంటాయమ్మా, మనుషులుండరు" అనేవారు.

రెండోది కాస్త ఆలస్యంగా చెబుతాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదీ ఆలస్యంగానే. అమృతలూరు నుంచి ఒకావిడ వచ్చింది. కూతురి పురుటికని వెళ్లి రెండు నెలలు ఇల్లు తాళం వేసుకుంటే బిల్లెలా వచ్చిందని అడిగింది. నేను స్థిర చార్జీతో మొదలుపెట్టి, స్లాబులు, సబ్సిడీ, సర్దుబాటు, తీగలు ఎక్కడినుంచి వస్తాయి, స్తంభాలు ఎవరు పాతుతారు, అన్నీ చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "సరే తల్లీ, కట్టేస్తాలే" అని వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

కోటేశ్వరరావుగారు పిలిచారు. "ఆవిడ ఏంటమ్మా అడిగింది?"

"తాళం వేసిన ఇంటికి బిల్లేంటని సార్."

"నువ్వేం చెప్పావు?"

"అన్నీ చెప్పాను సార్."

"అదే మరి. అడిగినదానికి జవాబు చెప్పు. నీకు తెలిసిందంతా చెప్పకు."

బద్ధకస్తుడి సలహా అనుకున్నాను. ఆయన మొదటి మాట మాత్రం పట్టుకుని, ఎక్కడ పనిచేసినా మీటర్ల చుట్టూ తిరిగాను. ఆ తిరుగుడే నన్ను రేపల్లెలో ఆ అరుగు దాకా తీసుకెళ్లింది.

రేపల్లె అన్నదమ్ములు

రేపల్లె ఆఫీసుకి ఒకరోజు ఖాదర్ అనే పెద్దాయన వచ్చారు. ఇనప పెట్టెలు, బీరువాలు చేసే మనిషి. చేతుల నిండా కాలిన మచ్చలు. మిగతావాళ్లలా తిట్టలేదు. "రీడింగ్ రెండు రోజులు ఆలస్యంగా తీశారమ్మా. దానివల్ల నూట ఇరవై ఐదు యూనిట్ల గీత దాటింది. ఇకమీదట తేదీకి తీయమని చెప్పండి, చాలు" అన్నారు. ఆయన అడిగింది అంతే.

చెబుతానని పంపించేయాల్సింది. కానీ మీటరు దగ్గరికి వెళ్లే జబ్బు నాకుంది కదా. మర్నాడు లైన్‌మన్ ఏసుబాబుని వెంటబెట్టుకుని బయల్దేరాను. దారిలో ఏసుబాబు ఆ ఇంటి సంగతి చెప్పాడు. ఖాదర్‌గారు, తమ్ముడు మస్తాన్ తండ్రి ఇంటిని పంచుకున్నారు. తమ్ముడిది బజారులో బట్టలు కుట్టే కొట్టు. గోడ ఎక్కడ లేవాలన్న దాని మీద మాటా మాటా పెరిగింది. గోడ లేచింది, అది కూడా వంకరగా. మీటర్లు మార్చాలంటే మళ్లీ ఖర్చని వీధి అరుగు మాత్రం ఉమ్మడిగా వదిలారు.

"ఉప్పూ నిప్పూగా ఉంటారండి. పండక్కి కూడా పలకరింపుల్లేవు. ఒక్క మీటర్ల దగ్గర మాత్రం మాట్లాడుకుంటారండి" అన్నాడు ఏసుబాబు.

"మీటర్ల దగ్గర మాటలేంటయ్యా?" అని నవ్వాను.

మేము వెళ్లేసరికి అవే మాటలు నడుస్తున్నాయి. అరుగు మీద గోడకి పక్కపక్కన రెండు మీటర్లు. ఖాదర్‌గారు లుంగీ బిగించుకుని ఒకదాని ముందు, మస్తాన్ మెడలో టేపుతో ఇంకోదాని ముందు. వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూలో, అంకెలు మాత్రం తెలుగులో. నాకు అర్థమైనంతవరకూ తమ్ముడు ఎంతయిందని అడిగాడు, అన్న చెప్పాడు. ఇవాళ్టినుంచి నా మీద వేసెయ్ భాయ్ అన్నాడు తమ్ముడు.

వేసెయ్యడమేంటో గోడ చూస్తే తెలిసింది. మధ్య గోడకి పిడికిలంత కన్నం. అందులోంచి తమ్ముడింటి ప్లగ్గు నుంచి అన్న ఇంట్లోకి వైరు. అన్నగారిది పెద్ద సంసారం, ఫ్రిజ్జు ఉంది. తమ్ముడింట్లో భార్యాభర్తలిద్దరే. అన్న మీటరు గీత దగ్గరికి వచ్చిందనగానే ఫ్రిజ్జు తమ్ముడి కరెంటు మీదికి మారుతుంది. నెల తిరిగి రీడింగ్ అయ్యాక మళ్లీ అన్న మీదికి. ఆ నూట ఇరవై ఐదు వాళ్లకి లక్ష్మణరేఖ. దానికోసం ఇద్దరూ రోజూ పొద్దున్నే నిద్ర కళ్లతో మీటర్లు చూసుకుంటారు.

ఇది కూడదు. ఒక ఇంటి కనెక్షన్ ఇంకో ఇంటికి ఇస్తే కేసు రాయాలి. పైగా ఆ వైరుకి రెండు చోట్ల అతుకులు, వాటి మీద టేపు ఊడిపోయి ఉంది. ఇంకో అధికారి అయితే అక్కడే కేసు రాసేవాడు. నేను రాయలేదు. జాలిపడ్డాను. జాలిపడి, వివరించడం మొదలుపెట్టాను.

అరుగుకి మెట్లున్నాయి. వాటినే చూపించాను. "ఖాదర్‌గారూ, ఇవి స్లాబులనుకోండి. కింది మెట్టు మీద కూర్చున్న యూనిట్లకి కింది రేటే. పై మెట్టెక్కినవాటికే పై రేటు. నలుగురు పైకెక్కారని కింద కూర్చున్నవాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చెయ్యరండి. మీరు వాళ్లని పక్కింటి మెట్ల మీదికి పంపిస్తున్నారు. అక్కడా రేటుంది కదా! ఇంత తంటా పడితే మీ ఇద్దరికీ కలిపి మిగిలేది కిలో టమాటాల ఖర్చు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు."

ఎంత చక్కగా చెప్పానో! ఏసుబాబు కూడా నోరు తెరుచుకుని విన్నాడు.

ఖాదర్‌గారు మెట్ల వైపు చూశారు. "అంతేనా అమ్మా?" అన్నారు.

"అంతేనండి."

మస్తాన్ అన్న మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, ఆయనేమైనా అంటాడేమోనని. ఆయన గొంతు సవరించుకుని, "ఈ ఎండాకాలం పోయేదాకా ఉండనిద్దామమ్మా. అతుకులు కావాలంటే బాగుచేయిస్తాం" అన్నారు.

"ఎందుకండీ? లాభం లేదని ఇప్పుడే చెప్పాను కదా. ఇంకెవరైనా చూస్తే కేసవుతుంది కూడాను."

ఖాదర్‌గారు "సరేనమ్మా" అన్నారు. మస్తాన్ ప్లగ్గు పీకి, కన్నంలోంచి వైరు లాగి, మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్ట చుట్టుకున్నాడు. నాకు టీ ఇచ్చారు. రెండిళ్ల నుంచీ చెరో గ్లాసు వచ్చింది. రెండూ తాగాను. నామీద గౌరవమనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఏసుబాబు నసిగాడు. "అతుకులకి టేపు చుట్టేసి వదిలేస్తే పోయేదేమోనండి."

"కేసు రాయకుండా వదిలేశాను, సంతోషించు" అన్నాను.

బాపట్లలో చెప్పుకున్న గొప్ప

తర్వాత బాపట్ల వేశారు. అక్కడ కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కలు చెప్పమని నన్నే పిలిచేవారు. ప్రతిసారీ ఈ కథే చెప్పాను. మెట్లు, కిలో టమాటాలు, రెండు గ్లాసుల టీ. పిల్లలు నవ్వేవారు. కేసులు రాయడం కన్నా అర్థమయ్యేలా చెప్పడం గొప్ప అని ముగించేదాన్ని. ఆ మాట ఇప్పటికీ తప్పని అనను. మీ ముందుకొచ్చే జనంలో నూటికి తొంభైమందికి కావాల్సింది అదే. మిగిలిన పదిమంది సంగతి నాకు తట్టలేదు. ఆ పిల్లల్లో కొందరు ఈపాటికి ఏదో ఊళ్లో ఏవో మెట్లు చూపిస్తూ ఉంటారు. వాళ్లని వెతికి పట్టుకుని మిగతా కథ చెప్పే దారి లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మళ్లీ ఆ అరుగు

రిటైరయ్యాక పోయిన వేసవిలో మా పిన్ని మనవడి పెళ్లికి రేపల్లె వెళ్లాను. చర్చిలో పెళ్లయింది, భోజనాలకి ఇంకా టైముంది. కాళ్లు ఊరుకోక ఆ వీధిలోకి నడిచాను. నా మెట్లు ఎలా ఉన్నాయో చూద్దామని. అంత సంబరం నాకు.

మస్తాన్ అరుగు మీద కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతున్నాడు. చూపు తగ్గిందట, కొట్టు ఎత్తేసి ఇంట్లోనే చిన్న పనులు చేసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. "కరెంటు మేడంగారు కదా? కూర్చోండమ్మా."

గోడలో కన్నం అలాగే ఉంది. అన్నగారి వైపు తలుపుకి తాళం.

"ఖాదర్‌గారు ఎక్కడికన్నా వెళ్లారా?"

"లేడమ్మా. పోయాడు."

మస్తాన్ సూదిని చొక్కా గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాడు. చెప్పుకోవడానికి మనిషి దొరికినట్టు చెప్పుకుపోయాడు.

"మీరొచ్చి వెళ్లాక వైరు తీసేశాం కదమ్మా. మర్నాడు పొద్దున్న అలవాటుగా మీటరు దగ్గరికొచ్చాను. ఆయనా వచ్చాడు. ఏమని అడగను? ఎంతయితే నాకేంటి? ఇద్దరం నిలబడి లోపలికెళ్లిపోయాం. మూడో రోజో నాలుగో రోజో ఆయన రావడం మానేశాడు. అంతకుముందు రోజూ మాట్లాడుకునేవాళ్లం. అంకె చెప్పాక కూడా కాసేపు నిలబడేవాడు. మా ఆవిడకి జ్వరమొస్తే, తగ్గిందా అని మీటరు వైపు చూస్తూ అడిగేవాడు. నా మొహం చూసి అడిగేవాడు కాదు. నేనూ మీటరుకే చెప్పేవాణ్ని, తగ్గింది భాయ్ అని."

"మస్తాన్‌గారూ, ఆ వైరుతో మిగలట్లేదని..."

"తెలుసమ్మా. మీ అంత బాగా చెప్పడం రాదుగానీ, రెండు బిల్లులు చూస్తే తెలియదా? ఆయనకీ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "మరి ఆ రోజే నాకు చెప్పొచ్చు కదండీ!"

"ఏమని చెప్పమంటారమ్మా?" అన్నాడు మెల్లగా. "మా అన్నతో మాట్లాడ్డానికి నాకు వైరు కావాలని చెప్పనా? ఆయన ఎదురుగానే? ఆయన నాకన్నా నయం. ఎండాకాలం పోయేదాకా ఉండనిమ్మని అడిగాడు కదా."

అడిగాడు. నేను విన్నాను. విని, లాభం లేదని జవాబు చెప్పాను. ఆ అరుగు మీద కూర్చుంటే కోటేశ్వరరావుగారు వక్కపొడి నములుతూ నా పక్కనే ఉన్నట్టనిపించింది. ఆయన పెద్దగా ఏమీ అనరు. ఆవిడ ఏంటమ్మా అడిగింది అంటారు, అంతే. రీడింగ్ తేదీకి తీయమని అడిగిన మనిషికి నేను రీడింగ్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అడగని వైరు గురించి అంతా చెప్పాను. నా ఉద్యోగంలో నేను తప్పుగా చెప్పిన లెక్కలు కొన్ని ఉన్నాయి, వాటిని తర్వాత దిద్దాను. ఇది సరైన లెక్క. దీన్ని ఎలా దిద్దాలో నాకు తెలియదు.

"పిల్లలు తలో ఊరు వెళ్లాక ఆయన ఆరోగ్యం పాడైంది, పెనుమూడిలో ఉన్న కూతురు ముసలాళ్లిద్దర్నీ తీసుకెళ్లిపోయిందమ్మా" అన్నాడు మస్తాన్. "వెళ్తున్నానని నాకు చెప్పలేదు. ఎలా చెబుతాడు? నేను కొట్లో ఉన్నాను. తాళం చూసి బజారుకెళ్లారనుకున్నా. మర్నాడు మీటరు చూస్తే కదల్లేదు. ఆ తర్వాత కూడా కదల్లేదు. అప్పుడు తెలిసింది ఇంట్లో లేరని. వెళ్దామా వద్దా, వెళ్తే ఏమని వెళ్లాలి అనుకుంటూ ఉన్నాను. ఈలోపు కబురొచ్చింది. మట్టి చేసేవేళకి అందాను. మొహం చూశాను."

పెనుమూడి ఎంత దూరమని! రేపల్లెలో ఆటో ఎక్కితే దిగిపోయే ఊరు.

లోపలినుంచి మస్తాన్ భార్య టీ తెచ్చింది. ఈసారి ఒక్క గ్లాసే. తాగడం నావల్ల కాలేదు గానీ తాగాను. క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఆయన, అయ్యో మీదేం తప్పమ్మా అంటాడు, ఆ మాట పట్టుకుని నేను తేలికపడి ఇంటికి పోతాను. అందుకని అడగలేదు.

పిల్లలూ, మీరు కూడా వైర్లు చూస్తారు. తీయించాల్సినవి తీయించండి, ప్రాణాలతో చెలగాటం వద్దు. కానీ ఉండనివ్వమని ఎవరైనా అడిగితే, లాభం లేదని చెప్పే ముందు ఆ మనిషి మొహం చూడండి. మెట్లు తర్వాత చూపించవచ్చు.

లేచి వెళ్లబోతుంటే మస్తాన్ కూడా లేచాడు. కళ్లద్దాలు పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్లి, తన మీటరు వదిలేసి పక్కదాని ముందు నిలబడ్డాడు. రోజూ చేసే పనిలాగే ఉంది. నాకు తెలియకుండానే అడిగేశాను.

"ఎంతయిందండీ?"

"నిన్నటి అంకేనమ్మా" అన్నాడు.

వెళ్లిపోకుండా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయనా కదల్లేదు. తర్వాత, మీటరు వైపు చూస్తూనే, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా అమ్మా?" అని అడిగాడు.